హెచ్-1బి మీద ఉన్నవాళ్లు అమెరికా ఎన్నికల సీజన్‌లో ఏం చేయొచ్చు, దేని జోలికి వెళ్లకూడదు

మీ ప్రశ్న సారాంశం ఇది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నారు. 2026 నవంబరు 3 మధ్యంతర ఎన్నికల వేడికి ఫోన్ నిండా పార్టీల మెసేజులే. ఒక లింకు నొక్కి 25 డాలర్ల చందా ఇచ్చారు, అది నెలనెలా కట్ అవుతోంది. డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) ఆఫీసుకు వెళితే ఓటరు నమోదు గురించి ఏదో అడిగారు, ఏం టిక్ పెట్టారో గుర్తు లేదు. స్నేహితుడు ఒక అభ్యర్థికి వెబ్‌సైట్ చేసిపెట్టమంటున్నాడు. వాట్సాప్ గ్రూపులో ఒక నాయకుడి గొంతుతో ఆడియో తిరుగుతోంది, ఫార్వర్డ్ చేయొచ్చా అన్నారు. కొత్తగా పౌరులైన మావయ్య, అత్తయ్యలకు పోలింగ్ బూత్‌లో తోడు వెళ్లడం గురించి కూడా అడిగారు.

మీరు 25 డాలర్ల గురించి ఎక్కువ కంగారు పడుతున్నారు. అది ఈమెయిల్‌తో సర్దుకునే సంగతి. ముందు తేల్చుకోవాల్సింది డీపీఎస్‌లో పెట్టిన టిక్కు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

1993 నాటి జాతీయ ఓటరు నమోదు చట్టం ప్రకారం డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే ఆఫీసులోనే ఓటరుగా నమోదయ్యే వీలు కల్పించాలి. అందుకే దాన్ని 'మోటార్ ఓటర్' చట్టం అంటారు. టెక్సాస్ దరఖాస్తులో ఇది రెండు ప్రశ్నలుగా వస్తుంది: మీరు అమెరికా పౌరులా? పౌరులైతే ఓటరుగా నమోదవుతారా? వీటి చుట్టూ అవయవదానం, మాజీ సైనికుల హోదా, స్వచ్ఛంద నిధికి ఒక డాలరు ఇవ్వడం లాంటి ప్రశ్నలుంటాయి. కౌంటర్లో గుమాస్తా అన్నీ ఒకే ఊపులో చదువుకుంటూ పోతారు. వెనక క్యూ ఉంటుంది. మనవాళ్లు మర్యాదకు "యెస్, యెస్" అనేస్తారు, ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద సంతకం గీసేస్తారు. ఆ సంతకం కింద ఏముందో చదివేవాళ్లు తక్కువ. నూటికి తొంభై పాళ్లు పొరపాటు జరిగేది ఇలాగే గానీ, ఎవరూ కావాలని దొంగ ఓటు వేయాలని వెళ్లరు.

కానీ ఇమిగ్రేషన్ చట్టం ఈ తేడాను పెద్దగా పట్టించుకోదు. 1996 సెప్టెంబరు 30 తర్వాత ఫెడరల్ చట్టం గానీ రాష్ట్ర చట్టం గానీ ఇచ్చే ఏ ప్రయోజనం కోసమైనా "నేను అమెరికా పౌరుణ్ణి" అని తప్పుగా చెబితే గ్రీన్‌కార్డుకు అనర్హత వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఇక్కడే పెరిగి, తల్లిదండ్రులిద్దరూ పౌరులైనవాళ్లకు ఒక సన్నని మినహాయింపు ఉంది. మిగతావాళ్లకు గ్రీన్‌కార్డు దశలో ఆ అనర్హతను మాఫీ చేయమని పెట్టుకునే దరఖాస్తు (వేవర్) అంటూ ఏదీ లేదు. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లకు కొన్ని దారులుంటాయి, దీనికి లేవు. దేశం నుంచి పంపేసే కేసుల్లో, తెలిసి చెప్పారా తెలియక చెప్పారా అన్నది చూడనక్కర్లేదని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2019లో 'మ్యాటర్ ఆఫ్ జాంగ్' కేసులో తేల్చింది. ఇక ఫెడరల్ ఎన్నికలో పౌరులు కానివాళ్లు ఓటే వేస్తే అది నేరం, ఏడాది దాకా జైలు. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో "ఎప్పుడైనా పౌరుణ్ణని చెప్పుకున్నారా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా" అని సూటిగా అడుగుతారు. అంటే ఈరోజు పెట్టిన టిక్కు పదిహేనేళ్ల తర్వాత బయటపడొచ్చు.

పొరపాటు మీదే కానక్కర్లేదు, ఆఫీసుదీ కావచ్చు. ఆరెగాన్ రాష్ట్రంలో పౌరులని రికార్డుల్లో కనిపించినవాళ్లను వాళ్లు అడగకుండానే ఓటర్లుగా చేర్చే పద్ధతి ఉంది. విదేశీ పాస్‌పోర్టు చూపించినవాళ్లను సిబ్బంది అమెరికా పాస్‌పోర్టు చూపించినట్టు నమోదు చేయడంతో, వెయ్యి మందికి పైగా పౌరసత్వ రుజువు లేనివాళ్లు జాబితాలోకి ఎక్కారని 2024లో అక్కడి అధికారులే ప్రకటించారు. పైగా ఇప్పుడు పాత పొరపాట్లు తేలిగ్గా బయటపడతాయి. ఇమిగ్రేషన్ శాఖ నడిపే 'సేవ్' అనే డేటాబేసును 2025లో మార్చారు. రాష్ట్రాలు ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్లతో ఓటర్ల జాబితాలను గుత్తగా దాంతో సరిచూసుకోవచ్చు.

మీరు చేయాల్సింది ఇది. టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో 'మై ఓటర్ పోర్టల్' ఉంది. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే మీ పేరు ఓటరుగా ఉందో లేదో చూపిస్తుంది. లేదని వస్తే ఆ పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నెల తర్వాత ఇంకోసారి చూడండి, ఎందుకంటే డీపీఎస్ నుంచి కౌంటీకి సమాచారం చేరి పేరు ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. పేరు ఉందని వస్తే, లేదా ఇంటికి ఓటరు కార్డు వస్తే, దాన్ని చించి పారేయకండి. వెంటనే కౌంటీకి ఫోన్ కూడా చేయకండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. మీ కంపెనీ లాయర్ కాదు, మీరు డబ్బు కట్టి పెట్టుకున్న లాయర్. కంపెనీ లాయర్‌కు మీ యజమాని కూడా క్లయింటే. లాయర్ సలహా మీద డీపీఎస్ నుంచి మీ దరఖాస్తు కాపీ తెప్పించుకోవాలి. "పౌరులా?" అన్నదానికి మీరు "నో" పెట్టి ఉంటే మీ రక్షణకు అంతకంటే గట్టి కాగితం ఇంకొకటి దొరకదు. ఆ తర్వాత కౌంటీ ఎన్నికల అధికారికి పేరు తొలగించమని ఉత్తరం రాయాలి. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది కాబట్టి మీ ఇల్లు ఏ కౌంటీలోకి వస్తుందో చూసుకుని పంపండి. ఉత్తరంలో మూడు సంగతులు చాలు: నేను పౌరుణ్ణి కాను, నమోదు కోరుకోలేదు, ఎప్పుడూ ఓటేయలేదు. అవి మీ విషయంలో నిజమైతేనే రాయాలి సుమా. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదు, తొలగించినట్టు వచ్చే జవాబు రెండూ ఎన్-400 దాకా భద్రపరచాలి. లాయర్ ముందు, ఉత్తరం తర్వాత అని ఎందుకు అంటున్నానంటే, కంగారులో రాసిన ఒక్క వాక్యం తప్పు ఒప్పుకోలుగా ఫైల్లో కూర్చుంటుంది.

చాలామంది భయపడే ఇంకో ఉత్తరం జ్యూరీ సమన్లు. అది వచ్చిందంటే ఓటరుగా నమోదయ్యారని కాదు. టెక్సాస్‌లో జ్యూరీ జాబితాకు లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు కూడా తీసుకుంటారు. దాంట్లో "పౌరుణ్ణి కాను" అన్న గడి నిజాయితీగా నింపి పంపండి. పట్టించుకోకుండా వదిలేయడం తప్పు, జ్యూరీకి వెళ్లి కూర్చోవడం ఇంకా పెద్ద తప్పు.

ఇప్పుడు చందా. ఫెడరల్ ఎన్నికల ప్రచార చట్టంలో విదేశీయులు డబ్బు ఇవ్వకూడదన్న నిషేధం అధ్యక్ష ఎన్నికలకే పరిమితం కాదు. సెనేట్ నుంచి మీ ఊరి సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు దాకా వర్తిస్తుంది. విదేశీయులంటే పౌరులు గానీ గ్రీన్‌కార్డుదారులు గానీ కానివాళ్లు. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 అందరూ ఇందులోకే వస్తారు. మనవాళ్లు ఇక్కడే పొరబడతారు: "నా ఐ-140 అప్రూవ్ అయింది, ఐ-485 వేశాను, ఈఏడీ చేతిలో ఉంది, కాబట్టి దాదాపు గ్రీన్‌కార్డే కదా" అనుకుంటారు. కాదు, అవన్నీ గ్రీన్‌కార్డుకు ముందు దశల కాగితాలే. కార్డు మంజూరైన రోజు నుంచే చందా ఇవ్వొచ్చు. పదేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నామన్న వాదన కూడా నిలవదు. తాత్కాలిక వీసా మీదున్న బ్లూమన్ అనే లాయర్, ఒక డాక్టర్ కలిసి ఈ వాదన మీదే కోర్టుకెళ్లారు. అదే బ్లూమన్ కేసు. 2011లో ముగ్గురు జడ్జీల కోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తీర్పు రాసింది అప్పటికి సుప్రీంకోర్టుకు రాని బ్రెట్ కావనా. 2012లో సుప్రీంకోర్టు విచారణ లేకుండానే దాన్ని ఖాయం చేసింది.

మీరు డబ్బు కట్టిన పేజీని ఒకసారి గుర్తు చేసుకోండి. పైన పెద్ద అక్షరాల్లో గడువు, ఎరుపు రంగులో గడియారం, 25, 50, 100 బటన్లు. కింద చిన్న అక్షరాల్లో "నేను అమెరికా పౌరుణ్ణి లేదా శాశ్వత నివాసిని, ఇది నా సొంత డబ్బు, కంపెనీ కార్డు కాదు" అని వరుసగా ధ్రువీకరణలు. ఆ మధ్యలో ఎక్కడో "నెలనెలా ఇస్తాను" అన్న గడి. కొన్ని పేజీల్లో అందులో టిక్ ముందే పెట్టి ఉంటుంది. 2020 ఎన్నికల్లో ఇలా ముందే పెట్టిన టిక్కుల వల్ల ఎంతోమంది తెలియకుండా పదేపదే డబ్బు కట్టారు. ఎన్నికల కమిషన్ అయిన ఎఫ్‌ఈసీ 2021 మేలో ఈ పద్ధతిని నిషేధించమని అమెరికా కాంగ్రెస్‌కు ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. కాబట్టి నెలనెలా కట్ కావడంలో మీ అజాగ్రత్త ఒక్కటే లేదు, పేజీ తయారీలోనే ఆ వల ఉంది.

దీన్ని ఇలా సరిచేయండి. చందా ఇచ్చిన రోజు వచ్చిన రసీదు ఈమెయిల్‌లో నెలవారీ చెల్లింపు ఆపే లింకు ఉంటుంది, ముందు అది ఆపండి. తర్వాత ఎఫ్‌ఈసీ వెబ్‌సైట్‌లో మీ డబ్బు తీసుకున్న ప్రచార కమిటీ పేరు వెతకండి. ప్రతి కమిటీకీ 'సి' అక్షరంతో మొదలై 8 అంకెలుండే నంబరు ఉంటుంది. దాని నమోదు పత్రంలో కోశాధికారి పేరు, ఈమెయిల్ ఉంటాయి. ఆయనకు ఇలా రాయండి: ఈ తేదీల్లో, ఇంత మొత్తం, ఈ రసీదు నంబర్లతో చందా ఇచ్చాను. నేను పౌరుణ్ణి గానీ శాశ్వత నివాసిని గానీ కాను. ఈ నియమం అప్పుడు తెలియదు. మొత్తం వాపసు చేసి, చేసినట్టు రాతపూర్వకంగా తెలపండి. చట్టవిరుద్ధమైన చందా అని తెలిసిన 30 రోజుల్లో కమిటీ దాన్ని తిరిగి ఇచ్చేయాలి. క్రెడిట్ కార్డు కంపెనీకి ఫోన్ చేసి డబ్బు వెనక్కి లాక్కోవడం సులువుగా కనిపిస్తుంది కానీ వద్దు. డబ్బు వస్తుంది, ఎందుకు వచ్చిందో చెప్పే కాగితం మాత్రం రాదు. మీకు కావాల్సింది ఆ కాగితమే.

ఆ ధ్రువీకరణ దగ్గర మీరు టిక్ పెట్టి ఉంటే అది కూడా లాయర్‌కు చెప్పండి. "పౌరుణ్ణి లేదా శాశ్వత నివాసిని" అన్న మాటకూ, డీపీఎస్‌లో "పౌరుణ్ణి" అన్న మాటకూ తేడా ఉంది. అయినా అది నిజం కాని మాటే కదా. దాచిపెడితే లాభం లేదు, ఎందుకంటే ఈ రికార్డు బహిరంగం. నేరుగా అభ్యర్థి కమిటీకి ఇస్తే మొత్తం 200 డాలర్లు దాటాకే పేరు, ఊరు, ఉద్యోగం, యజమాని పేరు నివేదికల్లోకి ఎక్కుతాయి. కానీ ఆన్‌లైన్‌లో చందాలు తీసుకుని కమిటీలకు చేరవేసే యాక్ట్‌బ్లూ, విన్‌రెడ్ లాంటి మధ్యవర్తుల ద్వారా వెళితే 5 డాలర్ల చందా కూడా వాళ్ల నివేదికలో పేరుతో సహా వస్తుంది. ఎవరైనా ఎఫ్‌ఈసీ సైట్‌లో మీ పేరు కొట్టి చూసుకోవచ్చు.

శిక్ష గురించి. తెలిసి, కావాలని చేస్తేనే క్రిమినల్ కేసు. ఏడాదిలో 2,000 డాలర్లకు చేరితే చిన్న నేరం, 25,000 డాలర్లకు చేరితే అయిదేళ్ల దాకా జైలు. మీ 25 డాలర్లు ఆ లెక్కలోకి రావు. అయితే ఎఫ్‌ఈసీకి 2025 మేలో కోరం (నిర్ణయాలకు కావాల్సినంత మంది సభ్యులు) లేకుండా పోయిందన్న వార్త చూసి "ఎవరూ పట్టించుకోరులే" అనుకునేవాళ్లున్నారు. కేసు పెట్టడానికి అయిదేళ్ల గడువుంది, న్యాయశాఖ విడిగా ఉంది, ఇమిగ్రేషన్ ఫైలుకైతే గడువే లేదు.

ఇక్కడే మన ఇళ్లలో వచ్చే ఆలోచన ఒకటుంది. "అన్నయ్యకు గ్రీన్‌కార్డు ఉంది కదా, వాడి ఖాతాలో వేస్తాను, వాడి పేరు మీద ఇస్తాడు." వద్దే వద్దు. ఇంకొకరి పేరు మీద చందా ఇవ్వడం విడిగా ఒక నేరం, పౌరులకు కూడా. ముంబైలో పుట్టి అమెరికా పౌరుడైన వ్యాఖ్యాత దినేష్ డిసౌజా 2012లో ఒక సెనేట్ అభ్యర్థికి ఇతరుల పేర్ల మీద 20,000 డాలర్లు ఇప్పించి 2014లో నేరం ఒప్పుకున్నారు. ఎనిమిది నెలలు నిర్బంధ కేంద్రంలో, అయిదేళ్లు ప్రొబేషన్ మీద ఉండాలని శిక్ష పడింది. 2018లో అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టారు గానీ, అలాంటి క్షమాభిక్ష మీ అన్నయ్యకు వస్తుందని లెక్క వేసుకోలేం. అన్నయ్య ఇవ్వాలనుకుంటే తన డబ్బు, తన నిర్ణయం. 2025-26లో ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్ల పరిమితి, ప్రైమరీ వేరు, జనరల్ వేరు. గ్రీన్‌కార్డుదారుకు ఫెడరల్ చట్టంలో అడ్డు లేదు కానీ రాష్ట్రం చూసుకోవాలి. ఒహాయో 2024లో తెచ్చిన చట్టం అక్కడి రాష్ట్ర ఎన్నికలకు, ప్రజలు నేరుగా ఓటేసి తేల్చే ప్రతిపాదనలకు గ్రీన్‌కార్డుదారుల డబ్బును కూడా నిషేధించింది. అప్పీళ్ల కోర్టు దాని అమలుకు వీలిచ్చింది.

వెబ్‌సైట్ సంగతి మాత్రం సంతోషంగా చెప్పొచ్చు. డబ్బు ఇవ్వకూడదు కానీ శ్రమ ఇవ్వొచ్చు. విదేశీ విద్యార్థి ఒకరు అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో జీతం లేకుండా పనిచేయొచ్చని ఎఫ్‌ఈసీ 1987లోనే చెప్పింది. జీతం తీసుకోకుండా కోడు రాయడం, ఇంటర్నెట్‌లో పని చేసిపెట్టడం స్వచ్ఛంద సేవే. అయితే మీరు చేసే పని కంటే దాని చుట్టూ జరిగే చిన్న ఖర్చుల్లోనే కాలు జారుతుంది. ఉదాహరణకు డొమైన్ కొనాలి, ఏడాదికి పది పదిహేను డాలర్లు. "ఇంతదానికి అడగడం ఎందుకు" అని మీ కార్డు మీద కొన్నారనుకోండి, అది నిషేధిత చందా. హోస్టింగ్ బిల్లు, థీమ్ కొనుగోలు, సామూహిక మెసేజులు పంపే సర్వీసు ఛార్జీ అన్నీ అంతే. మొదటి రోజే ప్రచార కమిటీ ఈమెయిల్‌తో, కమిటీ కార్డుతో ఖాతాలు తెరిపించండి. మీరు అందులో యూజర్‌గా మాత్రమే ఉండండి. ఆఫీసు లాప్‌టాప్ వాడకండి.

రెండో గీత నిర్ణయాల దగ్గర. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఏ ప్రకటన వేయాలి, ఎవరి దగ్గర చందా అడగాలి లాంటి నిర్ణయాల్లో విదేశీయులు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పాల్గొనకూడదు. "ఈ పేజీ మొబైల్‌లో నెమ్మదిగా లోడ్ అవుతోంది, బొమ్మలు చిన్నవి చేద్దాం" అనొచ్చు. "ఈ వారం ఫేస్‌బుక్ యాడ్స్ మీద 500 డాలర్లు పెడదాం" అనకూడదు. బడ్జెట్ మాట్లాడే వాట్సాప్ గ్రూపులో మిమ్మల్ని కలిపితే బయటికి వచ్చేయండి. ప్రతిఫలంగా పెట్రోలు డబ్బులు, గిఫ్ట్ కార్డు ఇస్తామన్నా వద్దనండి. హెచ్-1బి మీద, ఆ వీసా పెట్టించిన యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా సంపాదించకూడదు. ఇంట్లో అభ్యర్థిని పిలిచి మీట్ అండ్ గ్రీట్ పెట్టమంటే పౌరులైన స్నేహితుల ఇంట్లో, వాళ్ల ఖర్చుతో పెట్టించండి. మీరు వెళ్లి కుర్చీలు వేయండి, వడ్డించండి. బిర్యానీ ట్రేల బిల్లు మాత్రం మీ కార్డు మీద పడకూడదు.

సోషల్ మీడియాలో మీ అభిప్రాయం రాయడానికి అడ్డు లేదు. డబ్బు పెట్టనంత వరకు అది మీ మాట. "ఫలానా అభ్యర్థికి ఓటేయండి" అని పోస్టు పెట్టి, దాని కింద 'బూస్ట్' బటన్ నొక్కి 20 డాలర్లు కడితే అది ఖర్చు అవుతుంది, నిషేధంలో పడుతుంది. బ్లూమన్ తన కరపత్రాలు సొంత ఖర్చుతో అచ్చేయించుకుంటానని అడిగిందీ ఇదే, కోర్టు కాదన్నదీ ఇదే. అదే తీర్పులో, ఫలానావాళ్లను గెలిపించండి, ఓడించండి అనకుండా ఒక అంశం గురించి, ఉదాహరణకు గ్రీన్‌కార్డు నిరీక్షణ గురించి మాట్లాడడానికి ఆ చట్టం అడ్డు కాదని కూడా ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి: 2019 నుంచి వీసాకు పెట్టే డీఎస్-160 ఫారంలో సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులు కూడా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలంటున్నారు. చట్టం ఇచ్చిన స్వేచ్ఛ ఒకటి, హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి. వీసా స్టాంపింగ్‌కు వెళ్లేముందు పాత పోస్టులు హడావిడిగా చెరిపేయడం కంటే, రాసేటప్పుడే నిలబడగలిగే మాట రాయడం మంచిది.

ఆడియో క్లిప్ విషయం. 2024 జనవరి 21న, న్యూహాంప్‌షైర్ ప్రైమరీకి రెండు రోజుల ముందు, బైడెన్ గొంతుతో వేలమందికి ఫోన్లు వెళ్లాయి. "మీ ఓటు నవంబరుకు దాచుకోండి" అన్నది సారాంశం. గొంతు ఏఐతో చేసింది. ఫోన్ మీద కనిపించిన నంబరు కూడా దొంగదే. కాలర్ నంబరు నిజమైనదేనని టెలికాం కంపెనీలు డిజిటల్ సంతకంతో ధ్రువీకరించే వ్యవస్థ ఒకటుంది. అందులో అత్యున్నత స్థాయి 'ఏ'. ఈ దొంగ కాల్స్‌కు మొదట మోసిన కంపెనీ ఆ 'ఏ' ముద్ర వేసేసింది. అందుకు ఆ కంపెనీ, లింగో టెలికాం, 10 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. కాల్స్ చేయించిన స్టీవ్ క్రేమర్ అనే కన్సల్టెంటుకు టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. రాష్ట్రంలో నడిచిన క్రిమినల్ కేసులో మాత్రం జ్యూరీ 2025 జూన్‌లో నిర్దోషిగా వదిలేసింది. ఈ ఘటన తర్వాత 2024 ఫిబ్రవరి 8న ఎఫ్‌సీసీ, ఏఐ గొంతు కూడా 1991 నాటి టెలిఫోన్ చట్టం కింద 'కృత్రిమ గొంతే' అని తేల్చింది. అంటే ముందస్తు అనుమతి లేకుండా సెల్‌ఫోన్‌కు అలాంటి కాల్ చేయకూడదు, రాజకీయ కాల్ అయినా సరే. ఒక్కో కాల్‌కు 500 డాలర్లు, కావాలని చేస్తే 1,500 దాకా కోర్టులో అడగొచ్చు.

కాబట్టి ఫోన్ మీద నంబరు సరిగ్గా ఉందని, గొంతు అచ్చం అలాగే ఉందని నమ్మడానికి లేదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని కనిపిస్తే, పంపినవాళ్లకు కూడా అది ఎక్కడ పుట్టిందో తెలియదనే అర్థం. ఎన్నికల తేదీ, బూత్, ఓటేసే పద్ధతి గురించి ఏ క్లిప్ వచ్చినా కౌంటీ ఎన్నికల ఆఫీసు సైట్‌లో చూడకుండా ముందుకు పంపకండి. 2016లో డగ్లస్ మాకీ అనే వ్యక్తి ఫోన్ మెసేజ్‌తో ఓటేయొచ్చని హిల్లరీ క్లింటన్ ప్రచారంలా కనిపించే బొమ్మలు పెట్టాడు. దాదాపు 4,900 ఫోన్ల నుంచి ఆ నంబరుకు మెసేజులు వెళ్లాయి. 2023లో దోషి అన్నారు, ఏడు నెలల శిక్ష వేశారు. 2025 జులైలో అప్పీళ్ల కోర్టు, కుట్రకు తగిన సాక్ష్యం లేదని దాన్ని కొట్టేసింది. కేసు వీగిపోయింది సరే, అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం వీసా మీదున్నవాళ్లు తట్టుకునేది కాదు. టెక్సాస్‌లో ఎన్నికకు 30 రోజుల లోపు మోసపుచ్చే డీప్‌ఫేక్ వీడియో తయారుచేసి ప్రచారం చేయడం 2019 నుంచి నేరం. అది తయారుచేసినవాళ్ల మీద గురి పెట్టిన చట్టం, ఆడియో సంగతి అందులో లేదు. ఆ ధైర్యంతో ఫార్వర్డ్ చేయమని మాత్రం చెప్పను.

మెసేజుల బెడద తొందరగా చెప్పేస్తాను. 'డు నాట్ కాల్' జాబితా రాజకీయ కాల్స్‌కు వర్తించదు. 2021లో డుగుయిడ్ కేసులో సుప్రీంకోర్టు ఆటోడయలర్ (తనంతట తానే నంబర్లు కొట్టే యంత్రం) నిర్వచనాన్ని కుదించాక చాలా రాజకీయ మెసేజులు పైన చెప్పిన 1991 టెలిఫోన్ చట్టం చేతికి అందడం లేదు. 'స్టాప్' అని జవాబిస్తే ఆ ఒక్క కమిటీ ఆగుతుంది, మీ నంబరున్న పక్క కమిటీ ఆగదు. ఇంటిపేరు చూసి భారతీయులని అంచనా వేసే జాబితాలు అమ్ముతారు కాబట్టి రెడ్డి, రావు అన్నవాళ్లకు పౌరసత్వంతో సంబంధం లేకుండా వస్తూనే ఉంటాయి. మెసేజ్ వచ్చిందంటే చందాకు అర్హత ఉన్నట్టు కాదు. తెలియని నంబర్లను వేరే పెట్టెలోకి పంపే సెట్టింగ్ ఐఫోన్‌లో, ఆండ్రాయిడ్‌లో ఆన్ చేసుకోండి. అనుమానంగా ఉన్నవాటిని 7726కు ఫార్వర్డ్ చేయండి.

చివరగా మావయ్య, అత్తయ్య. ఓటింగ్ హక్కుల చట్టం సెక్షన్ 208 ప్రకారం చదవడం, రాయడం రానివాళ్లు తమకు నచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లొచ్చు. యజమాని, యజమాని మనిషి, యూనియన్ ప్రతినిధి మాత్రం పనికిరారు. 2014లో టెక్సాస్‌లో బెంగాలీ మాట్లాడే ఒక తల్లికి సొంత కొడుకు సాయం చేయబోతే, అతను పక్క కౌంటీ ఓటరని ఆపేశారు. 2017లో అప్పీళ్ల కోర్టు ఆ నిబంధన సెక్షన్ 208 ముందు చెల్లదంది. ఈ సెక్షన్‌లో పౌరసత్వం షరతు లేదు. కానీ టెక్సాస్‌లో తోడు వచ్చినవాళ్లు ప్రమాణం చేసి, పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి. ఎన్నికల కాగితం మీద మీ సంతకం ఎందుకు, ఇంట్లో పౌరులైన పెద్ద పిల్లలుంటే వాళ్లను పంపండి, లేకపోతేనే మీరు వెళ్లండి. వెళ్లేవాళ్లకు చెప్పాల్సినవి: ఓటింగ్ స్టేషన్లకు 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదు, కాబట్టి తెలుగు అనువాదం ఫోన్‌లో చూపిద్దామనుకోవద్దు. నమూనా బ్యాలెట్‌ను కౌంటీ సైట్ నుంచి ముందే ప్రింట్ తీసి, ఇంట్లో కూర్చుని ఒక్కో పదవి ఏమిటో తెలుగులో చెప్పి, వాళ్లు ఎంచుకున్నవి ఆ కాగితం మీదే వాళ్ల చేతే రాయించండి. ఆ కాగితం లోపలికి తీసుకెళ్లొచ్చు. అభ్యర్థి పేరున్న టోపీ, టీషర్టు వేసుకోకూడదు. మావయ్య లైసెన్సో పాస్‌పోర్టో తీసుకెళ్లడం మర్చిపోకండి, టెక్సాస్‌లో ఫొటో గుర్తింపు కార్డు అడుగుతారు.